కుట్టులో వదిలిన గుడ్డ

బహ్లా సూకుల, కోట గోడ నీడ
మూడింటికి నా కొట్టు గడప దాటుతది.
అప్పుడు లేస్త నేను, కత్తెర బల్ల కింది నుంచి.
ఇరవై ఆరేండ్ల సంది అదే పడక.
"పైన కొలతలు, కింద కలలు" అని
అనుదీప్ నవ్వుతడు.
కలలు లేవు, బొద్దింకలున్నయి.

అనుదీప్ పిల్లగాడు, మస్కట్ల బ్యాంకు పని.
పోయిన శుక్రవారం ఫోను తీసి లెక్క గీసిండు:
"మాస్టరూ, పని మానాలంటే కోటి కావాలె.
ధరలు పెరుగుతయి, రోగాలొస్తయి,
ఎనభై ఐదేండ్లు బతుకుతవనుకో."
ఎవడో నా ఆయుష్షుకు టేపు పట్టినట్టయింది.

కోటి ఎంతుంటదో నాకు తెల్వదు.
దిష్‌దాషా ఒకటికి నాలుగు రియాళ్లని తెలుసు.
మెడ కాడ వేలాడే కుచ్చు,
వాళ్లు అత్తరుల ముంచుకునే ఆ ఫురాఖ,
పేనడానికి పావుగంటని తెలుసు.

రాత్రి కొలతల బుక్కు వెనక అట్ట మీద
నా లెక్క నేను రాసిన.
బియ్యం, ఇద్దరికి, నెలకు పదిహేను కిలోలు.
నూనె కొంచెం. గంగుకు బీపీ గోలీలు,
నాకు కండ్లల్ల చుక్కల మందు.
కరెంటు. పెండ్లిళ్లకు చదివింపులు, ఇది తగ్గించేదుంది.
బట్టలు సున్నా.
కూరగాయలు సున్నా.

ఆ రెండో సున్నా ఉట్టిగ రాలేదు.
హమూద్ తోటల ఖర్జూరం చెట్ల నడుమ
నాలుగు మడులు నావి. గురువారం తెల్లారంగ
ఫలజ్ కాలువ నీళ్లు ఒక్క అథర్, అంటే అర్ధగంట.
కిరాయి లేదు. ఈదుకు వాళ్లింటి మొగపిల్లలందరికి కుడత.
మొదట ముగ్గురు. ఇప్పుడు పదకొండు మంది.
నీళ్లు మాత్రం గదే అర్ధగంట.
అందులనే గోంగూర, బచ్చలి, మిరప.
ఒక యేడు ఆనిగెపు తీగ మట్టల మీదికి పాకి
కాయ సరిగ్గ హమూద్ నెత్తి మీద వేలాడింది.
"ఏందిది గత్తా?" అన్నడు.
వాళ్ల నోట్లె గట్టయ్య అంతే.

మా నాయిన ఒక మాట చెప్పేటోడు:
సరిగ్గ కొలతకే కోసేటోడు గుడ్డ దొంగ.
కుట్టు లోపల రెండు వేళ్లు వదులు.
మనిషి లావైతడు, పిల్ల పొడుగైతది,
రేపు విప్పి మళ్ల కుట్టుకోవాలె.

లెక్క రెండుసార్లు కూడిన.
నేను వదిలింది రెండు వేళ్లు కాదు.
గుడ్డంత లోపలికే మడిచి పెట్టిన,
అంగీ ఎప్పుడో అయింది, తొడుక్కోలేదు.
చాలినంత అయి మూడేండ్లాయె.
అయిందని చెప్పేటోడు లేక కుడుతనే ఉన్న.

అబద్ధం. గంగు చెప్పింది, పోయిన ఎండకాలం, ఫోన్ల:
"ఇద్దరం తినేదెంత?"
మిషను చప్పుడుల ఇనపడలేదన్న.

భయం పైసలకు కాదు.
పొద్దుగాల లేచి ఎవని భుజం కొలవాలె?

బుక్కుల పద్దెనిమిది వందల మంది.
చచ్చిపోయినోళ్లను కూడ కొట్టెయ్యలే,
వాళ్ల కొడుకులకు అవే చేతులొస్తయి.
నా పేజీ లేదు.
అద్దం ముందు నిలబడి టేపు చుట్టుకున్న:
నడుము ముప్పై రెండు. వచ్చిననాడు ముప్పై నాలుగు.
ధరలు పెరుగుతయన్నడు అనుదీప్.
మనిషి తగ్గుతడని వాని ఫోన్ల లేదు.

గోంగూర గింజలు గుండీల డబ్బాల పోసిన.
ఏది గింజో ఏది గుండీనో
కండ్లకు తెల్వకున్నా వేలికి తెలుస్తది.
తొక్కుడు మిషను ఒకటి నాతోని వస్తది,
తక్కినయి కేరళ పిల్లగానికి.

గురువారం చీకటితోనే పోయిన.
"ఇగ ఈ నీళ్లు ఎవలకిస్తవు?" అంటే
హమూద్ ఏం అనలే. కాలువకడ్డమున్న రాయి జరిపి
నా మడికే తిప్పిండు.
కొంచెం సేపటికి, "ఆ పుల్లటి ఆకు మాకొద్దు" అన్నడు.
నీళ్లు పారుతుంటే ఇద్దరం చూసుకుంట కూసున్నం.
ఇంక పన్నెండు నిమిషాలుండె.